వరెన్‌లో ఆగిన బండి

ఫ్రాన్సులో నిరంకుశ రాచరికం ఎప్పుడు కూలిందని అడిగితే చాలామంది 1789 జూలై 14న జరిగిన బాస్టీల్ కోట జైలు ముట్టడినే చెబుతారు. నా మనసు మాత్రం 1791 జూన్ 20 రాత్రి దగ్గరే ఆగిపోతుంది. ఆ రాత్రి రాజు పదహారో లూయీ సేవకుడి వేషం వేసుకుని, భార్యాబిడ్డలతో, చెల్లెలితో కలిసి పారిస్‌లోని ట్యూలరీ భవనం నుంచి రహస్యంగా బయటపడి, పెద్ద గుర్రపు బండిలో తూర్పు సరిహద్దు వైపు సాగిపోయాడు. దారిలో గుర్రాలు మార్చే మజిలీకి అధికారిగా ఉన్న ద్రూయే ఆయనను గుర్తుపట్టి, అడ్డదారిన ముందుగా వరెన్ అనే చిన్న ఊరు చేరి అక్కడివారిని అప్రమత్తం చేశాడు. భగవంతుడే తనకు అధికారమిచ్చాడని నమ్మిన వంశపు రాజు మరుసటి రాత్రి ఒక కిరాణా వర్తకుడి ఇంట్లో, జనం కాపలాలో గడపవలసి వచ్చిందన్న సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

అంతకన్నా పెద్ద దెబ్బ ఆయన చేజేతులా తెచ్చుకున్నదే. వెళ్లేముందు విప్లవపు మార్పులను తప్పుపడుతూ స్వయంగా రాసిన ప్రకటనను వదిలి వెళ్లాడు. దాంతో, రాజ్యాంగానికి ఆయన మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడని అప్పటిదాకా చెబుతూ వచ్చినవారి నోట మాట లేకుండా పోయింది. జూన్ 25న బండి పారిస్‌కు తిరిగివచ్చినప్పుడు జనం టోపీలైనా తీయకుండా మౌనంగా నిలబడి చూశారు. 1792 సెప్టెంబరు 21న కన్వెన్షన్ అనే కొత్త జాతీయ ప్రతినిధి సభ రాచరికాన్ని రద్దు చేసింది.