గ్వాలియర్ దాటాక పొగమంచు

గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు లారీకి ఎత్తుకుని ఢిల్లీ బయలుదేరితే నాగపూర్, సాగర్, ఝాన్సీ దాకా నాకు పెద్ద బెంగ ఉండదు. డిసెంబరు, జనవరి నెలల్లో గ్వాలియర్ దాటాకే టెన్షన్ మొదలవుతుంది. మొరేనా చుట్టూ తడి పెట్టిన ఆవ చేలు, ఆ పైన చంబల్ నది. గాలి కదలని రాత్రి అక్కడ పొగమంచు దిగిందంటే వైపర్ కొస దాటి ఏమీ ఆనదు.

మొన్న జనవరిలో తెల్లవారుజామున నాలుగింటికి ఆ దారిలోనే ఉన్నాను. బండి 20లో పోతోంది. క్లీనర్ కుర్రాడు ఎడమ కిటికీలోంచి తల బయటపెట్టి, రోడ్డు అంచున తెల్ల గీత చూసి చెప్తున్నాడు. "ఉంది బాబాయ్... ఉంది... ఉంది..." ఉన్నట్టుండి "ఆపు బాబాయ్!" అని అరిచాడు. గీత మీదే ఒక ట్రైలర్ నిలబెట్టి ఉంది. వెనక లైట్లు లేవు. ఎర్ర రేడియం టేపు మీద బురద గట్టిగా ఎండిపోయి ఉంది. మేం ఆగేసరికి మా బంపర్‌కీ దానికీ మధ్య రెండు మూరల జాగా మిగిలింది.

డ్రైవరు లోపల నిద్రపోతున్నాడు. లేపితే, ఏమీ కనపడక ఆపేశానన్నాడు. భయమేసి ఆపాడు, అందుకు అతన్ని ఏమీ అనలేకపోయాను. కానీ ఆపింది రోడ్డు మీద. లైట్లన్నీ వేయించి, గుడ్డతో ఆ టేపు తుడిచి, బండిని పక్కనున్న ధాబా ఆవరణలోకి పెట్టించేదాకా మేం కదల్లేదు. ఆగాలనుకుంటే ధాబా గానీ పెట్రోల్ బంకు గానీ చూసుకుని రోడ్డు దిగి ఆగండి. ఇంకా కనపడుతుండగానే ఆ జాగా వెతుక్కోవాలి. పూర్తిగా కమ్మేశాక వెతికితే దొరకదు.

60లో పోయే బండి సెకనుకి 16 మీటర్లు దాటుతుంది. చూపు 20 మీటర్లే ఉంటే, కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే ముందున్నదాన్ని గుద్దేస్తాం. లోడు బండి సంగతి చెప్పక్కర్లేదు.

హై బీమ్ వేస్తే ఆ వెలుగంతా మంచు మీద పడి మన కళ్లలోకే తిరిగొస్తుంది. డిమ్‌లోనే పెట్టి, కింద ఫాగ్ లైట్లు వేసుకోవాలి. కిటికీ అద్దం రెండు వేళ్లు దించితే లోపల ఆవిరి పట్టదు, బయట హారన్ కూడా వినపడుతుంది. చాలామంది ముందు లారీ వెనక లైటు పట్టుకుని పోతారు. అతను దారి తప్పి కాలువలో దిగితే మనమూ దిగుతాం. నేను గీతనే నమ్ముతాను.

గుంటూరులో 30 డిగ్రీల ఎండలో టైర్లకి 110 పాయింట్లు కొట్టించిన హవా, అక్కడి 5 డిగ్రీల చలిలో 100 దగ్గరికి పడిపోతుంది. అందుకే పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూసుకుంటాను. బ్రేకులకి గాలి ఇచ్చే ఎయిర్ ట్యాంకులో చేరిన నీళ్లు కూడా రోజూ వదిలేస్తాను.

ఒక్కటి మాత్రం బతిమాలి చెప్తున్నా. చలికి తట్టుకోలేక క్యాబిన్లో కుంపటి పెట్టుకుని అద్దాలు బిగించి పడుకోవద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, దగ్గు రాదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. మా కుర్రాడికి రెండు రగ్గులు, ఉన్ని టోపీ కొనిచ్చాను. వాళ్లమ్మ నన్ను నమ్మి పంపింది.

ఇప్పుడు లోడు ఎత్తేటప్పుడే షావుకారుతో చెప్పేస్తున్నాను: "గ్వాలియర్ దాటాక రాత్రిపూట బండి తోలను, పొద్దున మంచు విడిచాకే బయలుదేరతాను. ఒక పూట ఆలస్యం లెక్కేసుకోండి" అని. ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. ఒకాయన మాత్రం కుదరదని వేరే బండికి ఎత్తించాడు. ఆ కిరాయి పోయినందుకు నాకేం బాధ లేదు.