తగినంత అంటే ఎంత?

మా పాపకి పదకొండేళ్లు. వర్జీనియాలోనే పుట్టి పెరిగింది. పోయిన చలికాలం సెలవుల్లో దానికి జూలియా చైల్డ్ పిచ్చి పట్టుకుంది. అమెరికా వాళ్లకి టీవీలో ఫ్రెంచ్ వంట నేర్పినావిడ. చూసేదేమో 1963లో బోస్టన్ పబ్లిక్ టీవీలో మొదలైన ఆవిడ వంటల షో ‘ది ఫ్రెంచ్ షెఫ్’, అదీ బ్లాక్ అండ్ వైట్‌లో! ఆరడుగుల పైన పొడవు, సన్నటి సాగదీసే గొంతు. బంగాళదుంపల అట్టు తిరగేయబోతే సగం పొయ్యి మీద పడుతుంది. ఏరి మళ్లీ పెనంలో వేసేసి, వంటింట్లో ఒక్కరే ఉంటే ఎవరు చూస్తారు అంటుంది. పాప అక్కడ పడీ పడీ నవ్వుతుంది.

నిజం చెప్పొద్దూ, నాకు మొదట ఒళ్లు మండింది. పప్పన్నం అంటే ముఖం ముడుచుకునే పిల్ల, వైన్‌లో ఉడికించే కోడికూర గురించి నాకు చెప్పడమేంటి?

బోస్టన్ పక్కన కేంబ్రిడ్జ్‌లో ఉన్న జూలియా ఇంటి వంటగదిని తెచ్చి వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వాళ్ల మ్యూజియంలో పెట్టారు. అడగ్గా అడగ్గా తీసుకెళ్లాం. ఆవిడ పొడవుకి తగ్గట్టు గట్టు ఎత్తు పెంచారు. గిన్నెలు గోడకి తగిలించి, ఏది ఎక్కడుండాలో దాని చుట్టూ గీత గీశారు. మా అమ్మ కత్తిపీట గుర్తొచ్చింది, ఎందుకో.

జూలియాకి వంట పుట్టింట్లో అబ్బలేదు. 1949లో, 37 ఏళ్ల వయసులో పారిస్‌లో కార్డాన్ బ్లూ అనే వంటల స్కూల్లో చేరి నేర్చుకుంది. 1961లో ఇద్దరు ఫ్రెంచ్ ఆవిడలతో కలిసి రాసిన పుస్తకంలో అందుకేనేమో అన్నీ కొలతలే. పక్కన నిలబడి చెప్పే పెద్దవాళ్లు లేని ఇంటికి అదే కదా కావాల్సింది. మా ఇల్లూ అలాంటిదేనని నాకు పులిహోర రోజు దాకా తట్టలేదు.

“చింతపండు ఎంత?”

“నిమ్మకాయంత.”

పాప ఫ్రిజ్‌లోంచి పసుపుపచ్చ లెమన్ తీసి చూపించింది. కోడిగుడ్డు కంటే పెద్దది. “ఇదా?”

నేను ఫోన్లో ఉన్నాను, చూడకుండానే ఊ కొట్టాను. ఆ పులిహోర నోట్లో పెట్టుకుంటే పళ్లు జివ్వుమన్నాయి. ఇంకో గంటలో భోజనానికి మనవాళ్లు వస్తున్నారని నాకు టెన్షన్. “వంటింట్లో మనమేగా ఉన్నాం, ఎవరు చూశారు?” అంటూ అది ఇంకో కుక్కర్ అన్నం పెట్టించి, పుల్లటిదాన్ని అందులో కలిపేసింది. వచ్చినవాళ్లు మారు వడ్డించుకున్నారు.

ఆ రాత్రే తెనాలికి వీడియో కాల్. “అమ్మమ్మా, తగినంత ఉప్పు అంటే ఎన్ని స్పూన్లు?”

“కలుపుతుంటే చేతికి తెలుస్తుంది తల్లీ.”

“నా చేతికి తెలీదు అమ్మమ్మా.”

అటునుంచి కాసేపు మాట లేదు. నేను బియ్యం డబ్బా మూత పెట్టుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. వీధి చివర కిరాణా కొట్టు కాటా మీద చింతపండు ఉండ, పక్కనే మన ఊరి నిమ్మకాయ. 38 గ్రాములు. కింద అమ్మ వాయిస్ మెసేజ్: “ఉప్పుకి రేపు మళ్లీ వెళ్తా. ఆ కొట్టబ్బాయి నవ్వుతున్నాడే.”