చేతులు నెమ్మదిస్తేనే వేగం

గోల్ఫ్ స్వింగ్ వీడియోని స్లో మోషన్‌లో ఆపి ఆపి చూస్తున్నా. బంతి దగ్గరికొచ్చేసరికి చేతులు నెమ్మదిస్తున్నాయి, క్లబ్ హెడ్ (బంతిని కొట్టే కర్ర చివరి భాగం) మాత్రం ఒక్కసారిగా దూసుకెళ్తోంది!

ఇది జంట లోలకం కదా. చేతులు ఒకటి, వాటి చివర తిరిగే క్లబ్ ఇంకొకటి. మొదటిదాని వేగం తగ్గుతుంటే ఆ శక్తి రెండోదానికి చేరుతుంది. ఎంత అందమైన ఏర్పాటో!

పైగా డ్రైవర్‌ది, అంటే దూరం కొట్టే పొడవాటి క్లబ్‌ది, 200 గ్రాముల హెడ్ గంటకు 160 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటే, దాన్ని ఆ వంపులోనే ఉంచడానికి దాదాపు పాతిక కిలోల బరువంత బలంతో లోపలికి లాగాలి. మణికట్టుతో బలవంతంగా తిప్పడానికి అక్కడ చోటెక్కడిది?

భుజాలు తిరిగే తలం వేరు, క్లబ్ తిరిగే తలం వేరు. క్లబ్ తలం వెడ్జ్‌కి (దగ్గరి షాట్లకు వాడే పొట్టి క్లబ్) నిటారుగా, డ్రైవర్‌కి వాలుగా.

రేపు వీడియో ఎదురుగా కాదు, బంతి వెళ్లే దిశకు వెనక నుంచి తీయాలి. తలం వాలు అక్కడి నుంచే బాగా తెలుస్తుంది.