బెయిల్ వచ్చినా జైల్లోనే: మావాణ్ని ఎలా విడిపించుకున్నామంటే

ఎక్కడ చోరీ జరిగినా పోలీసులు ముందు మా ఎరుకల కాలనీకే వస్తారు. కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా చూసిన బ్రిటిష్ కాలపు నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయింది, అనుమానం మాత్రం పోలేదు. మా పెద్దమ్మ కొడుకును పక్క జిల్లా కేసులో అలాగే పట్టుకెళ్లారు. ఏడేళ్లకు మించి శిక్ష లేని కేసుల్లో నోటీసు ఇచ్చి పిలవాలి, అరెస్టు చేస్తే కారణాలు రాయాలి. మావాడి రిమాండ్ రిపోర్టులో (కస్టడీ కోరుతూ పోలీసులు కోర్టుకిచ్చే కాగితంలో) రాసిందల్లా ‘స్థిర నివాసం లేదు’ అని.

లాయరును జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇచ్చింది. ఎస్టీలకు ఆదాయం ఎంతున్నా ఈ హక్కు ఉంది. కస్టడీలో ఉన్నవాళ్లకూ ఉంది కాబట్టి కుల ధ్రువపత్రం చేతికొచ్చేదాకా ఆగొద్దు. 15100కు ఫోన్ చేసినా చాలు.

బెయిల్ ఇచ్చారు, కానీ ఇద్దరు స్థానిక జామీనుదారులు కావాలన్నారు. పేదవాళ్లు ఆగిపోయేది ఇక్కడే. జామీను ఉండేవాళ్లు ఇంటిపన్ను రసీదో, పట్టాదారు పాసుపుస్తకమో, జీతం సర్టిఫికెట్టో చూపాలి. మా ఇళ్లన్నీ పోరంబోకులో ఉన్నాయి, ఆ కాగితాలు మా దగ్గర ఎక్కడివి? డబ్బు తీసుకుని జామీను ఉండేవాళ్ల జోలికి మాత్రం పోకండి. ఎంతమందికి జామీను ఉన్నారో వాళ్లు కోర్టుకు రాసివ్వాలి, అబద్ధం బయటపడితే బెయిలుకే ఎసరు.

మేం షరతు మార్చమని పిటిషన్ వేయించాం. పూచీకత్తు మొత్తం మితిమీరకూడదని నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 484వ సెక్షన్ చెబుతోంది, తగ్గించే అధికారం సెషన్స్ కోర్టుకు ఉంది. 1978 నాటి మోతీరాం తీర్పును మా లాయరు జతచేశారు. ఒక మేస్త్రీని 10,000 రూపాయల జామీను అడిగి, సొంత జిల్లావాళ్లే కావాలంటే, సుప్రీంకోర్టు తప్పుపట్టి జామీనుదారులు లేకుండా 1,000 రూపాయల సొంత పూచీకత్తుపై వదిలింది. దూరప్రాంతంలో అరెస్టయిన తెలుగువాడు అక్కడ ఆస్తిపరుణ్ని ఎక్కడ తెస్తాడని జస్టిస్ కృష్ణయ్యర్ అందులోనే అడిగారు. నివాసానికి రుజువుగా రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, పిల్లల స్టడీ సర్టిఫికెట్లు పెట్టాం. సొంత పూచీకత్తుపై విడుదలకు ఆర్డరు వచ్చింది.

అంతా అయ్యాక కూడా పేరు దగ్గర ఆగింది. పోలీసులు ‘అలియాస్’ అంటూ ఇంకో పేరు చేర్చారు, ఆధార్‌లో అది లేదు. పూచీకత్తు కాగితాల్లోనూ విడుదల ఉత్తర్వులోనూ రెండు పేర్లూ, తండ్రి పేరూ రిమాండ్ రిపోర్టులో ఉన్నట్టే రాయించండి. లేదంటే జైలువాళ్లు వెనక్కి పంపుతారు. బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ న్యాయసేవాధికార సంస్థకు తెలపాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ సంగతి జైల్లోనూ ఆ సంస్థలోనూ గట్టిగా అడగండి.

స్టేషన్లో వారం వారం సంతకం పెట్టాలన్న షరతు ఉంటే ఒక నోటుబుక్కులో తేదీ వేసి స్టేషన్ ముద్ర వేయించుకోండి. వేయకపోతే వచ్చినట్టు రాసి అదేరోజు స్టేషన్‌కు స్పీడ్ పోస్టులో పంపి, రసీదు లాయరుకు ఇవ్వండి.