కడియపులంక నుంచి కోళ్లకి షెడ్డు తెచ్చుకున్నాం

కోనసీమలో కొబ్బరితోట మధ్య ఇల్లుండి కోళ్లు పెంచుతున్న ఎవరిని అడిగినా ముంగిస గురించే చెప్తారు. సాయంత్రం గంపల కింద కమ్మి పైన రాయి పెట్టినా సరే, అంచు కింద మట్టి గీరి దూరుతుంది, తినేది ఒకదాన్నే అయినా దొరికినవాటన్నిటి గొంతులూ కొరికేసి పోతుంది. మా అమ్మ పిల్లలప్పటి నుంచి నూకలు వేసి పెంచిన పెట్టలు అలా పోతుంటే చూడలేకపోయాను. గట్టి గూడు కట్టిద్దామంటే కొత్త ఇనుము, కొత్త రేకులు, వెల్డింగ్ కూలీ కలిపి చెప్పిన రేటు మా వల్ల అయ్యేది కాదు. సరిగ్గా అప్పుడే బాబాయ్ కబురు తెచ్చాడు, కడియపులంకలో ఒక నర్సరీ వాళ్లు రోడ్డు పక్కన షెడ్డు తీసేస్తున్నారని.

దీనికి ముందు ఇంకో బేరం వచ్చింది. ఒక కోళ్ల ఫారం మూసేస్తూ గూళ్లూ జాలీలూ చవగ్గా ఇస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు మా వైపు ఎంత భయపడ్డారో చూశాను. ఆ ఫారంలో జబ్బు ఉందని కాదు, వేరేచోట కోళ్లు తిరిగిన సామాను మన కోళ్ల మధ్యకి తీసుకురాకూడదు, అంతే. ఈ విషయంలో ఎంత చవగ్గా వచ్చినా నేను తగ్గను.

వెళ్లేది శనివారం మాత్రం వద్దన్నాను. ఏడు శనివారాల మొక్కు ఉన్నవాళ్లంతా ఆ రోజు వాడపల్లి వెంకన్న దగ్గరికి వస్తారు, రావులపాలెం దగ్గర ఆ జనంలో ట్రాక్టర్‌తో ఇరుక్కుంటే ఇక అంతే. వారం మధ్యలో, ఇంకా చీకటి ఉండగానే కొత్తపేట వైపు నుంచి బయల్దేరాం. బాబాయ్ ట్రాక్టర్ తోలుతున్నాడు, నేనూ తమ్ముడూ వెనక ఖాళీ ట్రక్కులో గోనెసంచుల మీద కూర్చున్నాం. రావులపాలెం వచ్చేసరికి అరటి గెలలు కట్టుకుని సైకిళ్లు వరసగా మార్కెట్‌కి పోతున్నాయి. హైవే ఎక్కి గౌతమి వంతెన మీదికి వచ్చాక తెల్లారింది. ధవళేశ్వరం ఆనకట్ట దిగువన గోదావరి చీలి గౌతమి ఇటు, వశిష్ట అటు పోతుంది కదా, సంక్రాంతి దాటాక గౌతమిలో నీళ్లు తగ్గి ఇసుక మేటలు బాగా బయటపడతాయి. ఎన్నిసార్లు చూసినా ఆ వంతెన మీద నాకు మాట రాదు.

జొన్నాడ దాటి ఇంకాస్త ముందుకెళ్తే రోడ్డుకి రెండు పక్కలా నర్సరీలే. షెడ్డు 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, ఇనప యాంగిళ్ల ఫ్రేము, చుట్టూ పైనా రేకులు. నేను ముందు అడిగింది ధర కాదు, ఇందులో ఏం పెట్టేవారని. పురుగుమందుల డబ్బాలు నిలవ చేసిన గది అయితే ఉచితంగా ఇచ్చినా తీసుకునేదాన్ని కాదు, నేల గీరి ముక్కుతో పొడుచుకు తినే ప్రాణాలు అవి. "ఆయ్, మందుల గది అదిగోనమ్మా, అటు వేరే ఉంది. ఇందులో కుండీలు, కొబ్బరిపొట్టు బస్తాలే పెట్టేవాళ్లం" అని నర్సరీ ఆయన రెండూ తెరిచి చూపించారు. లోపలికి వెళ్లి వాసన కూడా చూశాను. పైన సిమెంటు రేకులు లేకపోవడం ఇంకో మంచి విషయం. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, విప్పేటప్పుడు పగిలితే ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. 12 వేలకి బేరం కుదిరింది, వాడేసిన షేడ్ నెట్ ఒక చుట్ట ఊరికే ఇచ్చారు.

విప్పడమే పెద్ద పని. బోల్టులు తుప్పు పట్టి స్పానర్‌కి తిరగడం లేదు. తమ్ముడు డీజిల్ పోసి కాసేపు నాననిచ్చి ఒక్కోటీ తిప్పాడు, అస్సలు రానివాటిని కటింగ్ మెషిన్‌తో కోశాం. ప్రతి రేకు మీదా నేను ఎర్ర పెయింట్‌తో నంబరు వేశాను, తూర్పు 1, తూర్పు 2 అని. సుద్ద అయితే దారిలో చెరిగిపోతుంది. ఏ రేకుని అదే చోట పెడితే పాత కన్నాలే సరిపోతాయి, మళ్లీ కొత్తగా డ్రిల్ చేసి వాన కారే దారులు పెంచక్కర్లేదు. ఫ్రేముని మాత్రం విప్పలేదు, నలుగురు పట్టి అలాగే ట్రక్కులోకి ఎక్కించాం.

తిరుగుదారిలో టెన్షన్ అంతా గాలితోనే. ఖాళీగా వచ్చేటప్పుడు హాయిగా తగిలిన గాలి, రేకులు వేసుకుని వెళ్తుంటే వేరేలా ఉంటుంది. వేగంగా ఒక లారీ పక్కనుంచి పోయిందంటే పై రేకు అంచు లేచి దబదబా కొట్టుకునేది. జొన్నాడ దగ్గర, ఇంకా వంతెన ఎక్కకముందే, బాబాయ్ బండి పక్కకి తీసి ఆపాడు. రేకుల మధ్య ఎండుగడ్డి కుక్కి, పైన ఇనప తలుపు పడుకోబెట్టి, మోకుతో అడ్డంగా నిలువుగా బిగించి, వెనక బయటికి వచ్చిన యాంగిల్‌కి ఎర్రగుడ్డ కట్టాడు. వంతెన అంతా ఎడమ అంచునే నిదానంగా నడిపాడు. నేను నది వైపు చూడనేలేదు, ఆ మోకు ముడినే చూస్తూ కూర్చున్నాను.

మా తోట దారిలోకి ట్రాక్టర్ రాదు. కరెంటు తీగలు కూడా కిందికి వేలాడుతుంటాయి. వీధి మొదట్లోనే దింపేస్తే పక్కిళ్ల అన్నయ్యలు, వాళ్ల పిల్లలు వచ్చి ఫ్రేముని భుజాల మీద మోసుకొచ్చారు. పిలవకుండానే వచ్చారు, అది రాయకపోతే నాకు తృప్తి ఉండదు.

గూడుగా మార్చడంలో నేను పట్టుబట్టినవి కొన్ని ఉన్నాయి. మా నేల వానాకాలం ఊరుతుంది కాబట్టి అడుగున్నర ఎత్తు ఇటుక దిమ్మె. పొడవు తూర్పు పడమరలుగా పెట్టాం, అప్పుడు ఎండ నేరుగా లోపలికి కొట్టదు. పక్క రేకులు పైసగం తీసేసి అరంగుళం కన్నాల వెల్డెడ్ జాలీ వేయించాను, ఎందుకంటే కోళ్ల పెంటలో వచ్చే ఘాటు బయటికి పోకపోతే వాటికి కళ్లూ ఊపిరీ రెండూ పాడవుతాయి. సన్నతీగ అల్లిక జాలీ చవక, కానీ కుక్క పంజాకి కూడా ఆగదు. దిమ్మె చుట్టూ అడుగు లోతున అదే వెల్డెడ్ జాలీ పాతించాం, ముంగిస గీరుకుంటే గీరుకోనీ. రేకుల వేడికి పైన కొబ్బరాకులు, లోపల మూడు నాలుగంగుళాల మందాన వరి ఊక, కొంచెం సున్నం, కూర్చోవడానికి సరుగుడు కర్రలు. గుడ్లు పెట్టడానికి మూలన గడ్డి వేసిన పాత గంపలే. కోడికి రెండు చదరపు అడుగులు లెక్క వేసినా 48 అడుగుల్లో 24 పడతాయి, నేను మాత్రం 15 దాటనివ్వను. పుంజులకి చోటు చాలకపోతే పొడుచుకుంటాయి.

మొదట్లో పెట్టలు దానిలోకి పోలేదు, చీకటి పడగానే పనస చెట్టెక్కేవి. అమ్మ సాయంత్రం నూకలు బయట వేయడం మానేసి లోపలే వేయడం మొదలుపెట్టాక అలవాటుపడ్డాయి. కొత్త పిల్లలు దిగగానే మొదటి వారంలో కొక్కెర తెగులుకి లసోటా టీకా చుక్కలు వేయించాలి. తలుపు గడియ కూడా మార్చాలి, ఇప్పుడున్నది కుక్క మూతితో నెడితే ఊడేలా ఉంది. వానలు పడేలోపు నర్సరీ ఆయన ఇచ్చిన షేడ్ నెట్‌తో ముందు చిన్న పందిరి వేస్తానని తమ్ముడు అంటున్నాడు, దానికి మిగిలిన యాంగిళ్లు సరిపోతాయి.