ఒక్క కన్నే ఎర్రబడింది

రెండేళ్ల కిందటి కార్తీక పౌర్ణమి. పాలకొల్లులో మా ఇల్లు క్షీరారామానికి దగ్గరే. పొద్దుటి నుంచి ఉపవాసం ఉండి, సాయంత్రం గుడిలో 365 వత్తులు వెలిగించాను. ఆ దీపం చుట్టూ రంగురంగుల వలయాలు కనిపించాయి. చూడముచ్చటగా ఉంది, నేతి పొగ వల్ల కాబోలు అనుకున్నాను. నిజానికి ఆ నెలలోనే రెండు మూడుసార్లు వీధిలైటు చుట్టూ కూడా అలాగే కనిపించి, కాసేపు ఎడమ కణత లాగి తగ్గిపోయింది. ఎవరికీ చెప్పలేదు. 62 ఏళ్లు వచ్చాక ఎక్కడో ఒకచోట నొప్పి ఉంటూనే ఉంటుంది, ప్రతిదీ చెప్తామా?

ఇంటికొచ్చి ఫలహారానికి కూర్చునేసరికి 8 గంటలైంది. అప్పుడు మొదలైంది. కనుగుడ్డును లోపలి నుంచి ఎవరో బొటనవేలితో బయటికి తోస్తున్నట్టు నొప్పి. వెంటనే వాంతులు. ఖాళీ కడుపు కదా, పసరు తప్ప ఏమీ రాలేదు. "ఈ వయసులో ఉపవాసాలు వద్దంటే వినవు" అని మావారు విసుక్కుంటూనే నిమ్మరసం కలిపి ఇచ్చారు. అదీ నిలవలేదు.

11 గంటలకు దగ్గర్లోని నర్సింగ్ హోముకి తీసుకెళ్లారు. డ్యూటీ డాక్టరు కుర్రాడు. బీపీ చూశాడు, షుగర్ చూశాడు, ఉపవాసం వల్ల గ్యాస్, తలనొప్పి అన్నాడు. మా కోడలు ఊరుకోలేదు. "డాక్టరుగారూ, అత్తయ్యగారి కన్ను బాగా ఎర్రబడిందండి, ఒకసారి చూడండి" అంది. అతను చీటీ రాస్తూ తల ఎత్తకుండానే "అంతసేపు ఏడిస్తే ఎర్రబడదామ్మా?" అన్నాడు.

ఈ మాటను నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా. నేను ఏడ్చింది రెండు కళ్లతో. ఒక్క కన్నే ఎందుకు ఎర్రబడింది? టార్చి వేసి చూడటానికి అర నిమిషం పట్టేది. ఆ అర నిమిషం అతని దగ్గర లేకపోయింది. గ్యాస్ ఇంజెక్షనొకటి, నొప్పి ఇంజెక్షనొకటి చేసి పంపించేశాడు.

వెలుతురు చూడలేక లైట్లన్నీ తీసేయించి పడుకున్నాను. తెల్లవారుజామున మూడు గంటలప్పుడు అనుకుంటా, మెలకువ వచ్చి జీరో బల్బు వేశాను. ఎందుకు చేశానో తెలియదు, కుడి కన్ను అరచేత్తో మూసి చూశాను. గోడ లేదు, బల్బు లేదు. పాలు ఒలికినట్టు తెల్లటి మసక, అంతే.

మా అమ్మ గుర్తొచ్చింది. ఆఖరి నాలుగేళ్లూ అమ్మకి చూపు లేదు. వయసు మీద పడింది, శుక్లాలు ముదిరిపోయాయి అనుకున్నాం అందరం, నాతో సహా. మేం వెళితే మొహం తడిమి "పెద్దదానివా, చిన్నదానివా?" అని అడిగేది. ఆ చీకట్లో నా మనవడి మొహం నేనూ అలాగే తడుముతున్నట్టు అనిపించి ఒళ్లంతా చెమటలు పట్టేశాయి. "ఒక్క కన్నయినా మిగల్చు తండ్రీ" అని శివుణ్ణి వేడుకున్నాను. మావారిని లేపడానికి కూడా నోరు రాలేదు.

పిల్లాడికి పాలు కలపడానికి లేచిన కోడలు నా గదిలో లైటు చూసి వచ్చింది. ఆ సమయానికి దాన్ని లేపింది ఆ శివుడేనని నా నమ్మకం. ఫోను లైటు నా కళ్లలోకి వేసి చూసి, "అత్తయ్యగారూ, రెండు కనుపాపలూ ఒకేలా లేవు. ఎడమది పెద్దదైపోయి అలాగే ఉండిపోయింది" అంది. ఇంకెవరినీ సలహా అడగలేదు. కారు మాట్లాడింది. తెల్లారేసరికి భీమవరంలో కంటి ఆసుపత్రిలో ఉన్నాం.

కంట్లో ప్రెషర్ 58 ఉందన్నారు. మామూలుగా 10 నుంచి 21 లోపు ఉండాలట. నీటికాసుల జబ్బులోనే (గ్లకోమా) ఉన్నట్టుండి వచ్చే రకం ఇది. దీపం చుట్టూ, వీధిలైటు చుట్టూ నాకు కనిపించిన ఆ రంగుల వలయాలు కూడా దీని గుర్తేనట. అక్కడి డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది: కంట్లో ఎప్పుడూ నీరు ఊరుతూ ఒక తూము గుండా బయటికి పోతుంటుంది. నాలాగా దూరపు చూపుకి ప్లస్ పవర్ ఉన్నవాళ్లకి కన్ను చిన్నది, తూము దగ్గర సందు ఇరుకు. వయసుతో పాటు లోపలి లెన్సు లావెక్కి ఆ సందు ఇంకా ఇరుకవుతుంది. చీకట్లో కనుపాప పెద్దదైనప్పుడు తూము పూర్తిగా మూసుకుపోవచ్చు. నేనేమో లైట్లన్నీ తీసేయించి పడుకున్నాను!

ప్రెషర్ దించడానికి సెలైన్ లాగా మానిటాల్ అనే మందు ఎక్కించారు, డయామాక్స్ మాత్రలిచ్చారు, చుక్కలు వేశారు. ఆ మాత్రలకి వేళ్లు తిమ్మిర్లెక్కాయి. ప్రెషర్ దిగాక లేజర్‌తో ఎడమ కంట్లో చిన్న దారి చేశారు, వారం తర్వాత ముందు జాగ్రత్తగా కుడి కంటికి కూడా. కొన్ని నెలలకి ఎడమ కంటి శుక్లం తీసి లెన్సు వేశారు. చూపు చాలావరకు వచ్చింది, మొత్తం రాలేదు. కంటి నరం దెబ్బతిన్నంత మేర చూపు ఇక తిరిగి రాదట. ఆ డాక్టరమ్మకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను. కానీ పోయిన ఆ పది గంటలు నాకు ఎవరు తెచ్చిస్తారు? ఆరేళ్లుగా కళ్లజోళ్ల షాపులో ప్లస్ నంబరు పెంచుకుంటూ పోయారే తప్ప, కంటి ప్రెషర్ చూపించుకోమని ఒక్కరూ అనలేదు. ఆ పరీక్షకి పట్టేది కొన్ని నిమిషాలేనని తెలిశాక ఇంకా కోపం వచ్చింది.

నలభై దాటినవాళ్లందరికీ చెప్తున్నాను, చత్వారం అద్దాలతో సరిపెట్టుకోకండి. ప్రెషర్, కంటి నరం చూపించుకోండి. నాకు వచ్చిన రకం నొప్పితో అరిచి చెప్పింది. ఇంకో రకం ఉంది, నొప్పీ ఉండదు, ఎరుపూ ఉండదు, ఏళ్ల తరబడి పక్కచూపుని కొంచెం కొంచెం తినేస్తుంది. షుగర్ ఉంటే ఏటా రెటీనా పరీక్ష కూడా మానొద్దు. కన్ను ఎర్రబడిందని మందుల షాపులో స్టెరాయిడ్ చుక్కలు కొనుక్కుని నెలల తరబడి వేసుకునేవాళ్లని చూస్తుంటే నాకు టెన్షన్ వచ్చేస్తుంది. వాటివల్ల కూడా కొందరికి ప్రెషర్ పెరుగుతుంది.

ఇది రక్తసంబంధంలోనూ వస్తుందని తెలిసి నరసాపురంలో ఉన్న మా అక్కయ్యకి ఫోన్ చేశాను. "నాకు సూదిలో దారం ఎక్కుతోందే, నాకెందుకు?" అంది. ఎనిమిది నెలలు పోరాను. చివరికి నేనే వెళ్లి తీసుకెళ్లాను. రెండు కళ్లలోనూ సందు ఇరుగ్గా ఉంది, లేజర్ చేశారు. అమ్మకి వచ్చింది కూడా ఇదేనేమో అని ఆ రోజు ఆసుపత్రి బెంచీ మీద ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేకపోయాం.

మొన్న కార్తీకంలో మళ్లీ వత్తులు వెలిగించాను, ఉపవాసం మాత్రం పాలు, పళ్లతోనే. మెట్ల లోతు నాకు సరిగ్గా తెలియదు కాబట్టి కోడలు చెయ్యి పట్టుకుంది.

"దీపం చుట్టూ ఏమైనా కనిపిస్తోందా, అత్తయ్యగారూ?"

"లేదమ్మా, దీపమే కనిపిస్తోంది."