తొంభై ఐదు డాలర్ల లెక్క

184 డాలర్ల కాఫీ, డోనట్ల ఖర్చుకు బిల్లులు కావాలని అడిగాను. ఏప్రిల్ మొదటి శనివారం, పిట్స్‌బర్గ్‌కు గంట దూరంలో ఒక వాగు ఒడ్డున, అరువు తెచ్చుకున్న రబ్బరు బూట్లతో నిలబడి అడిగాను. ఎదురుగా ఉన్న పెద్దాయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ముప్పై ఒక్క ఏళ్ళు బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆ వాగును బాగుచేస్తున్న సంఘానికి పైసల లెక్క చూసేది ఆయనే. ఆ సంఘానికి సాయం ఇచ్చింది నేను పనిచేసే ఫౌండేషన్, అంటే దానధర్మాల కోసం పెట్టిన నిధి. నీళ్ళలో ఆమ్లం ఎంతుందో చూపే పీహెచ్ కాగితం ముక్కను ముంచి పైకి తీసి, విదిలించి, డబ్బా మీది రంగులతో పోల్చి చూసుకుని, జేబులోని చిన్న పుస్తకంలో అంకె రాసుకున్నాడు. ఆ తర్వాతే నా వైపు తిరిగాడు.

"మీ దగ్గర వంద డాలర్లు ఉంటే ఏడాదికి ఐదు ఇస్తారు. ఆ ఐదులో కాఫీకి ఎంత పోయిందో సోమవారం పంపిస్తాను, బిల్లులు ఇంట్లోనే ఉన్నాయి. మిగతా తొంభై ఐదు ఏం పని చేస్తున్నాయో నాకు ఎవరు చెప్తారు?"

గొంతు పెంచలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన కూడా దాని కోసం ఆగకుండా నీళ్ళు శుభ్రం చేసే చెరువు చూపించడానికి ముందుకు నడిచాడు. ఆ మాట నాతోపాటు ఇంటికొచ్చింది, మూడు వారాలైనా పోలేదు.

మాది ఒక కుటుంబ ఫౌండేషన్. చిన్నది, ఆరుగురమే ఉద్యోగులం. గనుల్లో వాడే యంత్రాల విడిభాగాలు అమ్మి గడించిన ఒకాయన 1950ల్లో తన ఆస్తిలో పెద్ద భాగాన్ని నిధిగా పెట్టి పోయాడు. ఇప్పుడు ఆయన మనవలు, మనవరాళ్ళు బోర్డులో కూర్చుని ఎవరికి ఎంత ఇవ్వాలో తేలుస్తారు. బడి తర్వాత పిల్లలకు చదువు చెప్పేవాళ్ళు, ఇల్లు లేనివాళ్ళకు వండిపెట్టేవాళ్ళు, వాగులూ చెట్లూ కాపాడేవాళ్ళు మా దగ్గరికి వస్తారు. పిట్స్‌బర్గ్‌లో ఇలాంటి నిధులు కొత్త కాదు. కెచప్ సీసా మీద పేరున్న హైంజ్ కుటుంబం పెట్టిన హోవర్డ్ హైంజ్ ఎండోమెంట్ 1941 నాటిది. మెలన్ కుటుంబం 1947లో పెట్టిన రిచర్డ్ కింగ్ మెలన్ ఫౌండేషన్ అడవులనూ భూములనూ కొని కాపాడే పనికి పేరుపొందింది. ఉక్కు, బొగ్గు, బ్యాంకులు ఈ ఊరికి అంత డబ్బు తెచ్చాయి. ఆ ఉక్కే ఇక్కడి గాలిని ఏం చేసిందో కూడా ఇక్కడివాళ్ళు మరచిపోరు. 1948 అక్టోబరులో మొనాంగహీలా లోయలోని డొనోరా అనే ఊరిలో ఫ్యాక్టరీల పొగ మంచుతో కలిసి కదలకుండా నిలబడిపోతే 20 మంది చనిపోయారు, వేల మంది మంచం పట్టారు.

ఆ ఐదు శాతం మాట పెద్దాయన ఊహించి అన్నది కాదు. ఇలాంటి ఫౌండేషన్లను కట్టడి చేస్తూ అమెరికాలో 1969లో చట్టం వచ్చింది. నిధి పెట్టి పన్ను మినహాయింపు తీసుకుని, ఎవరికీ ఏమీ ఇవ్వకుండా కూర్చోవడం కుదరదు. ఇప్పటి లెక్క ప్రకారం పెట్టుబడుల విలువలో ఏటా దాదాపు 5 శాతం ధర్మకార్యాలకు వెళ్ళాలి. ఆ పని నడిపించడానికి అయ్యే ఖర్చూ అందులోనే లెక్క, అంటే నా జీతం కూడా ఆ ఐదులోకే వస్తుంది. మిగతాది షేర్లలో, బాండ్లలో, ఫండ్లలో ఉండి పెరగాలి, వచ్చే ఏడాది ఐదు దాంట్లోంచి రావాలి. నిధి చావకూడదని, తరతరాలుగా ఇస్తూనే ఉండాలని. ఈ పద్ధతి మీద నాకు మొదటినుంచీ గౌరవమే. మన దగ్గర ఉన్నన్నాళ్ళు బాగా పెట్టి, పెట్టే మనిషితోపాటే పెట్టడం కూడా పోయిన ఇళ్ళు ఎన్ని చూడలేదు?

ఇక ఆ వాగు. నేను పుట్టి పెరిగింది గోదావరిఖనిలో. బొగ్గు నాకు కొత్త కాదు. మా అమ్మ ఆరేసిన తెల్ల బట్టల మీద నల్ల పొడి చూసి రోజు ఎటు గాలి వీచిందో చెప్పేవాళ్ళం. కానీ నారింజ రంగు నీళ్ళు ఇక్కడే మొదటిసారి చూశాను. బొగ్గుతోపాటు ఉండే ఒక గంధకం ఖనిజం గాలికీ నీళ్ళకూ తగిలి ఆమ్లంగా మారుతుంది, ఇనుము కరిగి బయటికొస్తుంది. వందేళ్ళ కిందట తవ్వి వదిలేసిన బాయిల్లో నీళ్ళు నిండి, కొండ పక్కనుంచి ఊరి, వాగులో కలుస్తాయి. పెన్సిల్వేనియాలో ఇలా పాడైన వాగులు 5,500 మైళ్ళకు పైమాటే. తవ్విన కంపెనీలు ఎప్పుడో మూతపడ్డాయి. 1977లో వచ్చిన చట్టంతో, నడుస్తున్న గనుల నుంచి టన్నుకు ఇంతని వసూలు చేసి పాతవాటిని బాగుచేస్తున్నారు గానీ, పని ఇంకా కొండంత ఉంది. అందుకే ఊరూరా ఇలాంటి సంఘాలు.

పెద్దాయన చూపించిన చెరువులో మోటారు లేదు, మందు లేదు. బాయి నీళ్ళను ముందు సున్నపురాళ్ళు పరిచిన గుంటలోకి వదులుతారు, అక్కడ ఆమ్లం విరుగుతుంది. తర్వాత వెడల్పాటి చెరువులో నీళ్ళు నెమ్మదిగా నిలబడితే ఇనుము అడుక్కి దిగుతుంది. ఆపైన తుంగ మొక్కల మధ్యనుంచి వాగులోకి. ఎగువన రాళ్ళన్నీ ఇటుక రంగు పూత పూసినట్టున్నాయి, ఒక్క పురుగు లేదు. దిగువన ఆయన వంగి ఒక రాయి తిప్పి చూపించాడు. దాని అడుగున గింజంత పురుగులు, మూడు తోకలవి, వెలుతురు తగలగానే పక్కకు జరిగాయి. "ఇవి ఉంటే చేప వస్తుంది" అన్నాడు. ఆ రాయిని మళ్ళీ ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టాడు.

వచ్చేటప్పుడు చిన్న గాజు సీసా ఇచ్చాడు. చెరువు అడుగునుంచి తీసి ఆరబెట్టిన ఇనుము పొడి. దీన్ని రంగుల తయారీకి అమ్ముతారట. మూత తీసి వేలికి రాసుకుంటే జాజు! పండగకు ముందు మా అమ్మ అరుగుకు అలికే జాజు. అదే రంగు, అదే చల్లటి మట్టి వాసన. ఆ సీసా ఇప్పుడు నా బల్ల మీద ఉంది.

బిల్లులు అడగడం మాత్రం తప్పని నాకు ఇప్పటికీ అనిపించదు. ఇక్కడివాళ్ళు కొందరు లెక్క అడిగితే అనుమానించినట్టు బాధపడతారు. అది నాకు చాలాకాలం అర్థం కాలేదు. మా బాపు దోస్తు ఒకాయన గుండెపోటుతో పోయినప్పుడు నాకు పదకొండేళ్ళు. షిఫ్టు దిగి వచ్చేవాళ్ళ దగ్గర గేటు కాడ నిలబడి బాపు చందా వసూలు చేశాడు. ఎర్ర అట్ట నోటుబుక్కులో నాతోనే రాయించాడు. మొదటి పేరు తనది, 100. తర్వాత కోల్ ఫిల్లర్ 20, ట్రామర్ 10, ల్యాంపు రూం ఆయన 5. చివర్న ఆటో 30, టీ 6. పదమూడో రోజు వాళ్ళింటికి వెళ్ళి, అరుగు మీద కూర్చుని, ఒక్కో పేరూ చదివి వినిపించి, "ఇగో వదినా, నాలుగు వేల మూడు వందల ఎనభై ఐదు" అని చేతిలో పెట్టాడు. ఆమె ఏడుస్తూనే ప్రతి పేరుకూ తలూపింది. టీ ఆరు రూపాయలు చదివినప్పుడు కూడా. లెక్క అంటే నాకు అది. పైసా పక్కకు పోయిందా అని నిలదీయడం కాదు, నీ కష్టానికి ఎవరెవరు వచ్చారో చెప్పడం.

అమెరికాలో ఆఫీసులోనే చెక్కు రాసి పోస్టులో పంపుతారు. తీసుకున్నవాళ్ళ మొహం ఏడాదికి ఒక్కసారి చూస్తే గొప్ప. మా బోర్డులో ముగ్గురు ఆ వాగును ఫొటోల్లోనే చూశారు. నేనే నయం, కనీసం బూట్లు తడుపుకున్నాను అని నాకు నేను చెప్పుకున్నాను. అలా సర్దిచెప్పుకుంటుంటేనే ఆ తొంభై ఐదు మళ్ళీ అడ్డం వచ్చింది.

ఎందుకంటే ఆ లెక్క కట్టేది నేనే. ఫౌండేషన్లు ఏటా ప్రభుత్వానికి 990-పీఎఫ్ అనే పత్రం ఇవ్వాలి. ఎవరికి ఎంత ఇచ్చామో, ఎవరి జీతమెంతో, ఏ కంపెనీ షేర్లు ఎన్ని ఉన్నాయో అన్నీ అందులో ఉంటాయి, ఎవరు కావాలన్నా చూడవచ్చు. ఈ ఒక్క విషయంలో అమెరికాకు దండం పెడతాను. ఇచ్చేవాడి ఇంటి తలుపు కూడా ఇలా తెరిచి ఉంచే పద్ధతి నేను వేరే చోట చూడలేదు. ఆరేళ్ళుగా ఆ జాబితా నా చేతుల మీదుగానే వెళ్తోంది. అంకెలు సరిపోయాయా లేదా అని చూశాను గానీ పేర్లు చదవలేదు. ఆ ఆదివారం చదివాను. పదకొండు పేజీలు. ఒక బొగ్గు కంపెనీ, మూడు గ్యాస్ కంపెనీలు. మిగతాది చాలావరకు ఫండ్లలో ఉంది, వాటి లోపల ఏముందో విప్పి చూడాలంటే ఇంకో వారం పడుతుంది. వాగు సంఘానికి మేము ఇచ్చింది 25,000 డాలర్లు. ఆ బొగ్గు కంపెనీ నుంచి మాకు వచ్చిన డివిడెండు, అంటే షేర్ల మీద పంచిన లాభం, దానికన్నా ఎక్కువ.

ఆ అంకె చూశాక లేచి వెళ్ళి నీళ్ళు తాగొచ్చాను. మా ఇంటి అన్నం కూడా బొగ్గుదే. బాపు జీతం బొగ్గు, నా ఫీజు బొగ్గు, అమెరికా టికెట్టూ బొగ్గే. బొగ్గు పైసలు పాపమని నేను ఎన్నడూ అనను, అనేవాళ్ళను ఊరుకోను కూడా. కానీ బాయిలో దిగి ఊపిరి పాడుచేసుకుని తెచ్చిన పైసలూ, పదకొండు పేజీల జాబితాలో ఎవరూ చూడకుండా పెరిగే పైసలూ ఒకటి కావు. ఒక చేత్తో వాగు కడుగుతూ ఇంకో చేత్తో వాగు పాడయ్యే పనికి పెట్టుబడి పెడుతున్నామని ఆయన అడగకపోతే నాకు ఎప్పటికీ తట్టేది కాదేమో.

ఇంటి మీద ధ్యాసతో ఒక మాట. రెండేళ్ళ కిందట మా వైపు ఊరిలో నీళ్ళ కోసం పనిచేసే ఒక చిన్న సంఘానికి మా ఫౌండేషన్ నుంచి సాయం ఇప్పించాలని ప్రయత్నించాను. బయటి దేశానికి ఇవ్వాలంటే, ఆ సంఘం ఇక్కడి ధర్మసంస్థతో సమానమేనని రుజువు చేయాలి, లేదా ప్రతి డాలరు వెంటా మేమే తిరగాలి. ఇండియాలో ఆ సంఘానికి ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, 2020 సవరణ తర్వాత ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో ఖాతా తెరవాలి. వాళ్ళకు ఇవేవీ లేవు. ఇద్దరు టీచర్లు, ఒక ఆటో డ్రైవరు, అంతే ఆ సంఘం. నా ఊరి నీళ్ళకు పనికిరాని ఉద్యోగం నాకెందుకని ఆ రోజు చాలా బాధపడ్డాను. నెలకు కొంత నా జీతంలోంచే పంపుతున్నాను.

సోమవారం కాఫీ బిల్లులు వచ్చాయి. ఏడు చీటీలు, తెల్లకాగితం మీద వరసగా అంటించి, ఒక్కో దాని పక్కన ఆ రోజు ఎంతమంది పనికొచ్చారో పెన్సిల్‌తో రాసి ఉంది. 14, 9, 22. మొత్తం 184 డాలర్ల 12 సెంట్లు. పన్నెండు సెంట్లు నేను వదిలేశాను, ఆయన వదలలేదు.

బుధవారం ఆ పదకొండు పేజీలు పట్టుకుని బోర్డు పెద్దావిడ దగ్గరికి వెళ్ళాను. మనవరాళ్ళలో పెద్దావిడ. ఇక్కడ అందరూ ఆమెను పేరుపెట్టి పిలుస్తారు, నాకు మాత్రం మేడమ్ అనే వస్తుంది. కోప్పడుతుందని భయపడుతూనే చెప్పాను. ఆమె బొగ్గు కంపెనీ పేరు మీద వేలు పెట్టి చాలాసేపు ఊరుకుంది. "ఇది మా తాత కొన్నది" అంది. ఇంతకుముందు రెండుసార్లు బోర్డులో ఈ మాట వచ్చిందట, లాభం తగ్గితే ధర్మం తగ్గుతుందని తమ్ముళ్ళు ఒప్పుకోలేదట. రాక్‌ఫెల్లర్ బ్రదర్స్ ఫండ్ సంగతి నేను చదువుకుని వెళ్ళాను. చమురుతో సంపాదించిన కుటుంబం 1940లో పెట్టిన నిధి, 2014లో బొగ్గు, చమురు పెట్టుబడుల నుంచి తప్పుకుంటామని చెప్పింది. ఎక్కువ లాభమిచ్చే షేరే కొనాలన్న నియమమేమీ లేదు, ఫౌండేషన్ ఆశయాన్ని కూడా చూసుకోవచ్చు అని 2015లో పన్నుల శాఖ వివరణ ఇచ్చింది. అదీ చూపించాను. ఆమె చదివి, "అక్టోబరు మీటింగులో పెడదాం. నువ్వే చెప్పు" అంది. ఆరేళ్ళలో బోర్డు ముందు నేను అంకెలు తప్ప వేరే మాట మాట్లాడింది లేదు.

ఆదివారం పొద్దున ఫోన్లో బాపుకు అంతా చెప్పాను. ఇప్పుడు ఆయనకు ఆయాసం, రెండు మాటలకోసారి ఆగుతాడు.

"బిల్లులు అడుగుడు తప్పేంది? అడగాలె. పైసల కాడ మొహమాటపడితే దోస్తాని చెడ్తది."

"మరి ఆయన అడిగింది?"

"అది గూడ తప్పు గాదు బిడ్డా. ఆయన బుక్కు నువ్వు జూస్తివి. మీ బుక్కు ఆయనకు జూపియ్యాలె గదా. మనం బుక్కు రాసినప్పుడు మొదటి పేరు ఎవలది?"

అక్టోబరు మీటింగుకు ఫైలు కుట్టడం మొదలుపెట్టాను. గ్రాంట్ల పట్టిక ఎప్పుడూ ముందుండేది. ఈసారి పెట్టుబడుల జాబితా ముందు పెట్టాను, పదకొండు పేజీలూ. నకలు ఒకటి కవరులో పెట్టి వాగు సంఘానికి పంపాను. జాజు సీసా ఇంకా బల్ల మీదే ఉంది. డిసెంబరులో ఇంటికి వెళ్ళేటప్పుడు పెట్టెలో పెట్టుకుపోతాను, సంక్రాంతికి అమ్మ అరుగు అలుకుతుంది.